నీళ్ళ ఈల

ఈ ఎడారి దేశంలో దుఖాన్ పోయే దారిలో, ఊళ్ళకు దూరంగా ఉన్నాయి మా దొడ్లు. ఓడలో వచ్చిన కోడెదూడలను అయిదారు నెలలు దాణా పెట్టి బలిపించి కబేళాకు పంపుతారు. నేను పనివాళ్ళకు వండుతాను. వంటయ్యాక కమ్మీల పక్కన కూర్చుని దూడలను చూస్తాను. జనవరిలో పొద్దున్నే పొగమంచు కమ్మితే అవి కనిపించవు. నమిలే చప్పుడే వినిపిస్తుంది, ఎక్కడో సన్నగా వాన పడుతున్నట్టు.

ఆ మంచులో ఒక ఎర్రదూడ విడిగా నిలబడి ఉండేది. చెవి బిళ్ళ మీద 212. వచ్చి మూడు రోజులైనా గడ్డి ముట్టలేదు. జ్వరం లేదన్నాడు డాక్టరు. నేను చూస్తూనే ఉన్నాను. నీళ్ళ గిన్నెకు మూతి ఆనించగానే బుస్సుమని నీళ్ళు వచ్చేవి, అది బెదిరి వెనక్కి పోయేది. తాగనిది ఏం తింటుంది?

"పది గంటలకు కబేళా బండొస్తది," అన్నాడు సూపర్‌వైజరు ముజఫ్ఫర్ అలీ. "అప్పటిదాక తాగకుంటే దీన్నీ ఎక్కించేస్తా. సచ్చినంక ఏం చేస్కోవాలె?"

దొడ్లు చూసే నర్సింలన్న దగ్గరికి బకెట్ తీసుకుని వెళ్ళాను.

"అన్నా, ఇది పెట్టి ఈలెయ్యన్నా. ఎద్దులకు నీళ్ళు తాపేటప్పుడు మా నాయన ఏస్తాడే, అట్ల."

"మాకాడ గూడ ఏస్తరు. నేనెయ్య."

"ఎందుకన్నా?"

"ఈలేసి తాపిన ఎడ్లను నేనెన్నడు కోతకియ్యలే. ఈడ దేనికీ ఎయ్యొద్దని వచ్చిన నాడే అనుకున్న. నువ్వే ఎయ్యి, చెల్లె."

"ఆడపిల్ల ఈలేస్తే మా అవ్వ మూతి మీద కొడుతుంది."

"మీ అవ్వ చెయ్యి కడపకెల్లి ఈడిదాక వస్తదా?" అని నవ్వాడు.

బకెట్‌తో లోపలికి వెళ్ళాను. మొదట గాలే వచ్చింది. రెండోసారి సన్నగా, పొడుగ్గా, నాయన కాలువగట్టున వేసే ఈలే వచ్చింది. మంచులో ఎర్రటి చెవి ఒకటి ఇటు తిరిగింది. తరువాత ముఖం, తరువాత మెడ. దూడ మూతి నీళ్ళలో పెట్టింది. గుటకకొక ఈల వేశాను. బకెట్ ఖాళీ అయితే నర్సింలన్న ఇంకొకటి తెచ్చి పెట్టాడు.

పది గంటల బండి 212 లేకుండానే వెళ్ళింది.

జూన్ వచ్చేసరికి దాని వీపు బల్లలా పరుచుకుంది. ఈసారి బండి దానికోసమే వచ్చింది. అది బండికి ఆనించిన పలక ఎక్కకుండా మొండికేసింది.

"సునందా, ఈలెయ్యి. నీ ఎనకే ఎక్కుతది," అన్నాడు ముజఫ్ఫర్ అలీ.

నిజమే, ఎక్కేది. నర్సింలన్న నేల చూస్తున్నాడు.

"ఆ ఈల నీళ్ళకు సార్," అన్నాను.

బకెట్ నింపి తెచ్చి దాని ముందు పెట్టాను. అది తాగి తల ఎత్తేదాకా ఈల వేశాను. తరువాత పెదవులు మూసుకున్నాను. నలుగురు కలిసి నెట్టి ఎక్కించారు.

ఎండలో బండి నీటి మీద పోతున్నట్టు ఊగుతూ పోయింది. బకెట్ అడుగున రెండు గడ్డిపోచలు ఇంకా తిరుగుతున్నాయి.