రెండు జెండాల మధ్య

ముప్పయ్యేళ్లు గూడ్సుబండి చివరిపెట్టెలో కూర్చుని జెండాలు ఊపిన గార్డుగారికి ఇన్నాళ్లకు తీరిక దొరికి, భార్యతో ఓ దీవి తీరానికి వచ్చారు. దీవి చూడాలన్నది ఆవిడ చిరకాలపు కోరిక. దీవిలో చేయకూడని పొరపాట్లకు జాబితా రాయడం ఆయన చిరకాలపు జబ్బు.

టోపీ మరవకూడదు. క్రీము రాయకుండా ఎండలోకి దిగకూడదు. కొబ్బరిచెట్టు కింద కూర్చోకూడదు. ఇలా పదమూడు. దంపతులిద్దరూ ఒళ్లంతా క్రీము పట్టించి, సున్నం కొట్టిన గోడల్లా ఇసుకలోకి దిగారు. ఆయన మెడలో డ్యూటీ ఈల కూడా వేలాడుతోంది.

"సెలవుల్లోనూ ఆ ఈల ఏమిటండీ? సముద్రాన్ని బయల్దేరమంటారా ఏం?"

"ఉండనీవే. అదిలేకపోతే మెడ బోసిగా ఉంటుంది."

ఒకచోట రెండు జెండాలు పాతి ఉన్నాయి. పైసగం ఎరుపు, కిందిసగం పసుపు. వాటి మధ్య జనం కేరింతలు కొడుతున్నారు. గార్డుగారు బ్రేకు వేసినట్టు ఆగిపోయారు. ఎరుపంటే ఆగు, పసుపంటే జాగ్రత్త. రెండూ ఒకే గుడ్డమీదుంటే ఇంకేమైనా ఉందా!

"ఎర్రజెండా కింద ఈతలా! వీళ్లకి కళ్లున్నాయా? నువ్విటు రా."

రెండొందల గజాల అవతల జెండా లేదు, జనం లేరు. అటూ ఇటూ అలలు ఎగిరిపడుతున్నా, అక్కడ మాత్రం నీళ్లు ఇస్త్రీ చేసిన పంచెలా ఉన్నాయి.

"చూశావా? లైను క్లియర్!"

చిన్నప్పుడు ఈత నేర్చిన మనిషి కాబట్టి ఆవిడ ఉత్సాహంగా దిగింది. ఆయన గొడుగు పాతి, చెప్పులు జతగా పెట్టి తలెత్తేసరికి ఆవిడ ఎక్కడో ఉంది. ఒడ్డువైపే చేతులు వేస్తోంది, కానీ స్టేషను వదిలిన బండిలా వెనక్కి వెనక్కి పోతోంది.

ఆయనకు ఈత రాదు. వచ్చిందల్లా ఈల. ముప్పయ్యేళ్ల ఊపిరంతా పెట్టి ఊదారు. ఊది ఊది మళ్లీ ఊదారు.

ఆ మోతకు జెండాల దగ్గరి కాపలా అమ్మాయి చంకలో తేలే పలకతో పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ఎదురీదకండి! వెల్లకిలా తేలండి!" అని అరుస్తూ నీళ్లలోకి దూకింది. ఆవిడ తేలింది. అమ్మాయి పలక అందించి, పక్కకు లాక్కెళ్లి, అలలున్నచోట ఒడ్డెక్కించింది.

గార్డుగారు తడి ఇసుకలో కూలబడ్డారు.

"జెండాలు వదిలేసి ఇక్కడెందుకు దింపారు సార్?" అంది అమ్మాయి రొప్పుతూ.

"ఎర్రగా ఉన్నాయి కదమ్మా!"

"ఎరుపూ పసుపూ కలిసుంటే వాటిమధ్య మా కాపలా ఉన్నట్టు. అక్కడే దిగాలి. ఇలా అలల్లేనిచోట నీళ్లు లోపలికి లాగేస్తాయి. ఇంతకీ ఆ ఈలెక్కడిది?"

"రైలుగార్డుని."

"అయితే మనిద్దరం గార్డులమే! ఊదడం మాత్రం అద్భుతం సార్."

ఆవిడ దగ్గి, ఉప్పునీళ్లు ఉమ్మి, ఆయన మెడలోని ఈలను తడిచేత్తో సర్దింది. "ఇక స్నానానికి కూడా ఇది తియ్యకండి."

మర్నాడు గార్డుగారు ఇసుకలో కాలు పెడుతూనే ఆ అమ్మాయి దగ్గరకెళ్లి, "అమ్మా, ఇవాళ ఎక్కడ దిగొచ్చు?" అని అడిగారు. అమ్మాయి చూపించింది. రెండు జెండాల మధ్య మోకాలిలోతులో నిలబడి, ఆయన భార్య చెయ్యి పట్టుకున్నారు.

"అబ్బా, నొప్పండీ! కాస్త వదలండి."

"వదల్ను. నా బండికున్నది ఈ ఒక్కపెట్టే!"