ఇద్దరి పడవ

పరదా సగం దూరం జరిగి ఆగిపోయింది. నిచ్చెన మీదున్న బుచ్చిరాములు తాడును వదులు చేసి, మళ్లీ మెల్లగా లాగాడు. కప్పీలో ఇరుక్కున్న పీచు ఊడి అతని ముఖం మీద పడింది. యూనివర్సిటీ ఆడిటోరియంలోని ఎర్ర మఖమల్ పరదా బరువుగా కదిలి, వేదిక అవతలి కొస దాకా పోయింది.

"అయిందా అన్నా?" కింద నుంచి కరుణాకర్ అడిగాడు. బిల్డింగ్ సెక్షన్‌లో కరుణాకర్ సూపర్‌వైజరు, వయసులో బుచ్చిరాములుకంటే చిన్నవాడు.

"అయింది. ఇగ ఒక్కలు గుంజినా వస్తది."

బుచ్చిరాములు దిగి, నిచ్చెనకు ఆనుకుని ఎడమ భుజం ఒత్తుకున్నాడు. పొద్దున అడిక్‌మెట్‌లో ఇంటి నుంచి బయల్దేరుతుంటే భార్య అమృతమ్మ "ఇయ్యాల లీవు పెట్టరాదు?" అంది. గ్యాస్ పట్టిందని చెప్పి సైకిలెక్కాడు. ఇవాళ ఇంట్లో పడుకుంటే తార్నాకలో పడవ పని ఆగిపోతుంది. సాయంత్రం దాన్ని కొనేవాడు చూడటానికి వస్తున్నాడు.

యూనివర్సిటీలో వడ్రంగి అయిన బుచ్చిరాములుది సన్నటి శరీరం. ఖాకీ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉంటాయి. ఎప్పుడో సుత్తి దెబ్బకు నల్లబడిన బొటనవేలి గోరు అలాగే ఉండిపోయింది. వానాకాలం ఉబ్బి బిగుసుకునే హాస్టల్ తలుపులు, కాలు విరిగిన పరీక్ష హాలు బల్లలు, గబ్బిలాలు దూరే కిటికీలు. ఉద్యోగమంతా వీటితోనే గడిచింది. తలుపు చిత్రిక పట్టాలంటే దాన్ని ఊడదీసి, వరండా చివరికి మోసుకుపోయి అక్కడ పట్టేవాడు. గదుల్లో పిల్లలు చదువుకుంటుంటారని. అలా చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

జియాలజీ ప్రొఫెసరు ఓబులేసు గారికి రాళ్లు పెట్టుకునే అల్మారాలు చేసిపెట్టినప్పుడు వాళ్లకు పరిచయం. అనంతపురం నుంచి వచ్చిన ఆ పొడుగాటి మనిషికి సముద్రమంటే ఎక్కడలేని ఇష్టం. రిటైరయ్యాక ముంబైలో ఎవరో వాడి వదిలేసిన చిన్న తెరచాప పడవను కొని, లారీ మీద తార్నాకలోని తన ఇంటికి తెప్పించుకున్నాడు. ఆ ఇంటి పెరట్లో, చక్రాల బండి మీద, కారుకంటే కాస్త పొడవుగా కనిపించే పడవ. లోపల ఒంగి దూరే చిన్న గది, అందులో రైలు బెర్తులంత పడకలు రెండు, స్టవ్వు పెట్టుకునే మూల. తెరచాప స్తంభాన్ని మడత మంచంలా వెనక్కి వాల్చేయొచ్చు. ఇద్దరు మనుషులు నాలుగు రోజుల తిండి పెట్టుకుని ఒడ్డు వెంబడి తిరిగి రావచ్చు.

ఆయన, భార్య లలిత రెండు చలికాలాలు కాకినాడ తీసుకెళ్లి నడిపారు. ఆయన ముందుకెళ్లి స్తంభం దగ్గర నిలబడి చాప ఎత్తేవాడు. ఆమె వెనక కూర్చుని చుక్కాని పట్టేది. నిరుడు వానల్లో ఓబులేసు పోయాడు. ఇక ఆమె ఒక్కతే చుక్కాని వదిలి చాప దగ్గరికి పోతే పడవ తన ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, చుక్కాని దగ్గరే ఉంటే చాప ఎత్తే దిక్కు లేదు. అమ్మేస్తానని లలిత అన్నది అందుకే. అమ్మే ముందు పాలిష్ పెడతానని బుచ్చిరాములు కొన్ని ఆదివారాలుగా వస్తున్నాడు. ఆమె మాత్రం పెరటి వైపు రావడమే మానేసింది.

అతను డ్యూటీ దిగి తార్నాక చేరేసరికి ఎండ వాలింది. మెయిన్‌రోడ్డు మోత సందు మలుపు దాకా వచ్చి తగ్గిపోయింది. స్తంభాన్ని తాడుతో లేపి నిలబెట్టి, బోల్టులు బిగించి, చెమట తుడుచుకుని వంటింటి తలుపు దగ్గరికెళ్లాడు.

"మేడం, జర ఎక్కి కూసోండ్రి ఒక్కసారి."

"ఎందుకప్పా? అమ్మేసేదానికి ఇంగ ఎక్కి ఏం చేసేది?"

"అమ్ముతరో ఉంచుకుంటరో మీ ఇష్టం. గా నీలం తాడు గుంజి చూడుండ్రి. పని సక్కగైందో లేదో నాకు తెల్వాలె గద."

కాదనలేక ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని నిచ్చెనెక్కింది. చుక్కాని దగ్గర తన చోట కూర్చుని, ఎదురుగా చూసి ఆగిపోయింది. స్తంభం మొదట్లో ఇత్తడి కప్పీలు. వాటిలోంచి తాళ్లు గది పైకప్పు మీదుగా వచ్చి, ఆమె చేతికందేంత దూరంలో వరసగా ఆగాయి. చుక్కాని పిడిని కదలకుండా పట్టి ఉంచడానికి ఒక తాడు ఉచ్చు కూడా ఉంది.

"ఈ కప్పీలు..."

"సార్ కొన్నయే. లోపల బిస్కెట్ డబ్బల ఉండె. ఏది యాడ పెట్టాల్నో సార్ అప్పుడే చూపెట్టిండు. నా మోకాళ్లు పంజెయ్యకపోతే మీ మేడమే నడపాల అనేటోడు. పని మొదలువెట్టే టైం దొర్కలే."

లలిత నీలం తాడు లాగింది. కప్పీలు కిర్రుమన్నాయి. చాప మడతలు విప్పుకుంటూ పైకి పాకింది. కూర్చున్న చోటు నుంచి కదలకుండానే చేయి మార్చి చేయి లాగింది. తెల్లటి గుడ్డ ప్రహరీ గోడ దాటి, వేపకొమ్మ దాటి నిలబడింది. గాలి వచ్చి తగలగానే పడవ బండి మీదే ఒకసారి కదిలింది. ఎదురు మేడ మీద బట్టలు తీస్తున్నామె చేతిలో దుప్పటితో అలాగే నిలబడి చూసింది.

పడవ కొంటానన్న దేవేందర్ గేటు తోసుకుని వచ్చాడు. శామీర్‌పేట వైపు రిసార్టు నడుపుతున్నాడు. పడవ చుట్టూ తిరిగి సంతోషపడ్డాడు.

"గిట్లనే ఉంచుదాం ఆంటీ. లాన్ మధ్యల పెట్టి లైటింగ్ ఇస్తే మస్తుంటది. జనం ఫోటోలు దిగుతరు."

"నీళ్లలోకి దించవా?"

"నీళ్లెందుకు ఆంటీ?"

లలిత చేతిలోని తాడు వైపు చూసింది. "ఏమనుకోవద్దు నాయనా. నేనియ్యను."

"నిన్న ఫోన్ల సరే అన్నరు గద?"

"నిన్నటికి ఇది ఇద్దరి పడవ."

దేవేందర్‌కు అర్థం కాలేదు. కానీ మంచివాడు. చాప ముందు నిలబడి ఒక సెల్ఫీ దిగి వెళ్లిపోయాడు.

ఆమె టీ పెట్టుకొచ్చింది. ఇద్దరూ పెరటి మెట్ల మీద దూరదూరంగా కూర్చుని తాగారు. బుచ్చిరాములు చాప కేసి చూస్తూ ఊదుకుంటూ తాగాడు.

"కాకినాడకు నువ్వూ రావాల. అమృతమ్మనూ పిల్చుకోని రా."

"నాకు ఈత రాదు మేడం."

"నాకూ రాదు. జాకెట్లు ఉండాయిలే."

అతను నవ్వాడు. నోరంతా తెరిచి అతను నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు. "రిటైరైనంక వస్తం" అన్నాడు.

ఆమె గ్లాసులు కడిగి వచ్చేసరికి అతను పనిముట్ల సంచితో పడవలోంచి దిగుతున్నాడు. ఏదో వదులైతే బిగించానన్నాడు. ఇద్దరూ కలిసి చాప దించి మడిచారు. పోయేటప్పుడు అతను సైకిలెక్కలేదు, నడిపించుకుంటూ సందు దాటాడు.

మర్నాడు తెల్లవారాక ఫోను మోగింది.

"మేడం, నేను అమృతమ్మను. ఆయన లేస్తలేడు."

లలిత ఆటోలో అడిక్‌మెట్ వెళ్లేసరికి డాక్టరు చూసి వెళ్లిపోయాడు. గోడ వైపు తిరిగి, ఒక చేయి తల కింద పెట్టుకుని, పనికి ముందు కాసేపు కునుకు తీస్తున్నవాడిలా ఉన్నాడు బుచ్చిరాములు. కరుణాకర్, హాస్టల్ వాచ్‌మెన్లు, మెస్ వంటవాళ్లు వచ్చారు. కరుణాకర్ పాడె మోశాడు.

చలి మొదలయ్యాక పడవను కాకినాడ తీసుకెళ్లడానికి లారీ వచ్చింది. పడవ చూస్తానని అమృతమ్మ కూడా వచ్చింది. దాని పక్కన నిలబడి, నున్నటి చెక్క మీద అరచేయి పెట్టి, "ఐతవారమంత గీడనే ఉండెటోడు" అంది. లలిత ఆమె భుజం మీద చేయి వేసింది.

తాళ్లన్నీ కట్టి ఉన్నాయో లేదో చూడటానికి లలిత పైకెక్కి తన చోట కూర్చుంది. ఓబులేసు లాంటి పొడుగు కాళ్లవాళ్లకు తగ్గ బల్ల అది. ఆమె పాదాలు ఎప్పుడూ కిందికి ఆనేవి కావు. అల వచ్చినప్పుడల్లా, చాప ఎత్తి వచ్చి పక్కన కూర్చున్న ఆయన మోకాలు పట్టుకుని నిలదొక్కుకునేది. ఇప్పుడు రెండు మడమలూ దేనికో ఆనాయి. వంగి చూసింది. కింద అడ్డంగా బిగించిన కొత్త టేకు పట్టీ. పాదాలు ఒరుసుకోకుండా అంచులు గుండ్రంగా చెక్కి ఉన్నాయి. పాలిష్ ఇంకా పెట్టలేదు. దాని మధ్యలో, ఎక్కడ బిగించాలో గుర్తుకు బుచ్చిరాములు గీసుకున్న పెన్సిల్ గీత అలాగే ఉంది.