బ్లాగు చేయబడును

కుట్టుమిషను బల్ల కింద వెల్లకిలా పడుకుని బెల్టును చక్రం మీదికి ఎక్కిస్తున్న మిషను మావయ్యకు చేతులు పని మీద ఉన్నాయి గానీ ప్రాణమంతా జేబులోని ఫోను మీదే ఉంది. అది కిక్కురుమనలేదు. తీసి చూసుకున్నాడు. నూనె వేలిముద్ర పడి అద్దం మసకబారింది. చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ చూశాడు. ఏమీ లేదు.

"ఏంటి మావయ్యా, ఈ వయసులో పరీక్ష ఫలితాలేమైనా రావాలా?" అంది దుకాణం నడిపే దర్జీ.

"అంతకంటే పెద్దవే," అంటూ బల్ల కింద నుంచి బయటికొచ్చాడు.

సన్నటి మనిషి. మిషన్ల మీదికి వంగీ వంగీ భుజాలు ముందుకు తిరిగిపోయాయి. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో నలుపు వదలదు. స్క్రూలు తిప్పీ తిప్పీ కుడిచేతి బొటనవేలు బల్లపరుపుగా తయారైంది. అసలు పేరు దర్జీల వీధిలో ఒక్కరికీ తెలియదు. ఆయన కంటే పెద్దవాళ్ళు కూడా మావయ్యా అనే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు.

ఇలాంటి మనిషికి సోషల్ మీడియాలో బోలెడంతమంది అభిమానులున్నారంటే నమ్మాలి మరి. మిషను ఫొటో పెట్టి, దాని జబ్బేమిటో, మందేమిటో కింద నాలుగు ముక్కలు రాసేవాడు. జనం మెచ్చుకునేవారు. ఆయన పొంగిపోయేవాడు. అంతా బాగానే ఉందనుకుంటుండగా, కుట్టుపని మీద బతికే ఒకావిడ రాసింది: "మావయ్యా, దారం ఉండలు కట్టడం గురించి పోయినేడు పెట్టారే, అది దొరకట్లేదు. రేపటికి బట్టలివ్వాలి." ఆ మధ్యాహ్నమంతా తన పోస్టు కోసం తనే వెతుక్కున్నాడు. కుక్కపిల్లలు, పుట్టినరోజు కేకులు, తానే పెట్టిన శుభోదయాలు తగిలాయి గానీ కావలసింది మాత్రం తగల్లేదు. చివరికి మళ్ళీ కొత్తగా రాసి పంపేసరికి "పర్లేదు మావయ్యా, బట్టలు వేరేవాళ్ళకి ఇచ్చేశారు" అని జవాబొచ్చింది. ఆ 'పర్లేదు' ఆయనను చాలా రోజులు బాధపెట్టింది.

ఆ సంగతి విని సలహా ఇచ్చింది మరదలు, భార్య చెల్లెలు. ప్రింటింగు దుకాణంలో కంప్యూటరు మీద టైపు చేసే మనిషి.

"బావా, బ్లాగు చేసుకో."

"చేస్తూనే ఉన్నాగా. పొద్దున్నుంచి అదే పని."

"అది బాగు. నేనంటున్నది బ్లాగు."

"ల వత్తు తగిలిస్తే రేటేమైనా పెరుగుతుందా?"

మరదలు నవ్వి, ఓపిగ్గా చెప్పింది. "సోషల్ మీడియా సంతలాంటిది బావా. నీ గొంతు వినపడినంతసేపే నీ బేరం. బ్లాగైతే సొంత కొట్టు. ఏ సరుకు ఏ అరలో పెట్టావో అక్కడే ఉంటుంది. నిన్నెరగని వాళ్ళు కూడా వెతుక్కుంటూ వస్తారు."

"అయితే సంత మానేస్తా."

"మానితే కొట్టుందని ఎవరికి తెలుస్తుంది? సంతలో కేకెయ్యి, కొట్లోకి పిలుచుకురా."

ఇంటి గుమ్మం మీద 'కుట్టుమిషన్లు బాగు చేయబడును' అని బోర్డుంది. దానికే ల వత్తు తగిలించి బ్లాగుకు పేరు పెట్టమన్నాడు. దారం తెగితే ఒక అర, సూది విరిగితే ఒక అర, అడుగున ఉండలు కడితే ఒక అర. రాయడానికి కూర్చున్నాక ఆయనకో వింత ఎదురైంది. పోస్టులోనైతే 'పాదం ఎత్తి పై దారం మళ్ళీ ఎక్కించండి' అంటే సరిపోయేది. ఇక్కడ చోటుంది కదా, ఎందుకో కూడా చెప్పాలనిపించింది. గుడ్డను నొక్కిపట్టే ఆ పాదం దించి ఉంటే దారాన్ని బిగించే పళ్ళేలు మూసుకుని ఉంటాయి, దారం వాటి నడుమకు దిగదు, అడుగున ఉండలు కడుతుంది. తప్పు పైన ఉంటే అందరూ కింద వెతుకుతారు. ఇన్నేళ్ళూ చేతికి తెలిసింది బుర్రకు అప్పుడు తెలిసింది. సంబరం పట్టలేక భార్యను పిలిచి చదివి వినిపించాడు.

బ్లాగు మొదలుపెట్టి నెల దాటింది. తెలిసినవాళ్ళంతా చదివి మెచ్చుకున్నారు. మరదలు మాత్రం ఒప్పుకోలేదు. "నీ వాళ్ళు రావడం గొప్ప కాదు బావా. ముక్కూ మొహం తెలియని మనిషి రావాలి. అప్పుడే కొట్టు నిలబడ్డట్టు." ఆ ముక్కూ మొహం తెలియని మనిషి కోసమే ఆయన ఎదురుచూపు.

మధ్యాహ్నం భోజనం ముందు కూడా ఫోను తీశాడు.

"పెళ్ళయిన కొత్తలో నన్నిలా చూసుంటే ఎంత బావుండేది," అంది భార్య.

"అప్పుడు ఫోను లేదుగా," అన్నాడు ఆయన.

సాయంత్రం చివరి దుకాణం నుంచి మెట్లు దిగుతుండగా ఫోను మోగింది. బ్లాగులో కామెంటు. రోడ్డు పక్కనే నిలబడి చదువుకున్నాడు.

"నేనెవరో మీకు తెలియదు. నాకు సోషల్ మీడియా అలవాటు లేదు. దారం ఉండలు కడుతోందని వెతికితే మీ రాత కనబడింది. మీరు చెప్పినట్టే చేశాను, కుట్టు చక్కగా పడింది. మీ బ్లాగు పేరులో 'బాగు'కు ల వత్తు పొరపాటున పడినట్టుంది, సరిచేసుకోగలరు."

మిషను మావయ్యకు నవ్వాగలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంటికి పోవలసినవాడు వెనక్కి తిరిగి ప్రింటింగు దుకాణానికి దాదాపు పరుగెత్తాడు. మరదలు చదివి, కుర్చీలోంచి లేచి నిలబడి, "కొట్టు నిలబడింది బావా," అంది. దారిలో తెలిసిన ప్రతి దుకాణంలోనూ దూరి చూపించాడు. ఇంటికొచ్చాక భార్య చేతిలో ఫోను పెట్టాడు. ఆవిడ ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"దిద్దమన్నారుగా, మరి దిద్దరా?"

"దిద్దేదే లేదు," అన్నాడు. అంత ఆనందంగా ఆయన్ని ఆవిడ చాలా ఏళ్ళుగా చూడలేదు.

పొరుగింటావిడ ఇచ్చిన మిషను ముందుగదిలో ఉంది. అన్నం ఉడికేలోగా చూసేస్తానని దాని ముందు కూర్చున్నాడు. వంటింట్లోకి మిషను చప్పుడు వినిపిస్తూ ఉంది. కాసేపటికి ఆగింది.

"మళ్ళీ ఫోనేనా?" అని కేకేసింది భార్య. జవాబు రాకపోతే చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన గోడకు తల ఆనించి ఉన్నాడు. అప్పటికే ఆయన గుండె ఆగిపోయింది. మొహంలో నొప్పి పడిన జాడ లేదు.

సోషల్ మీడియాలో సంతాపాలు వెల్లువెత్తాయి. వారం తిరిగేసరికి అవి కూడా కిందికి, ఇంకా కిందికి వెళ్ళిపోయాయి. బ్లాగులోకి మాత్రం మనుషులు వస్తూనే ఉన్నారు. ఒకరోజు మరదలు కంప్యూటరు ముందు కూర్చుని, "అక్కా, ఎవరికో మందపాటి గుడ్డ మీద సూది విరుగుతోందట. ఏం రాయను?" అని అడిగింది.

"మనం రాసేదేముందే. సూదుల అరలో మీ బావ రాసి పెట్టారు. అక్కడికి పొమ్మను," అంది అక్క.

పొరుగింటావిడ మిషను పట్టుకెళ్ళడానికి వచ్చి, పట్టుకెళ్ళకుండానే వెళ్ళిపోయింది. దాని పాదం కింద, కుట్టు సరిచూడడానికి ఆయన పెట్టిన ఎర్ర గుడ్డముక్క ఉంది. తెల్ల దారపు కుట్టు సగం దాకా తిన్నగా వచ్చి ఆగింది, సూది ఇంకా గుడ్డలోనే దిగి ఉంది.