ఆమెన్ తర్వాత

మా ఆసుపత్రిలో ప్రార్థనప్పుడు కళ్లు తెరిచి ఉంచేదాన్ని నేనొక్కదాన్నే. భక్తి లేక కాదు. ఆపరేషన్ గదిలో అందరూ కళ్లు మూసుకుంటే కత్తులూ కత్తెరలూ ఎవరు చూస్తారు? ఈగ వాలితే దేవుడొచ్చి తోలతాడా? ఈ మాట డాక్టరమ్మతోనే అన్నాను. ఆమె నవ్వి, "అయితే సిస్టర్‌గారూ, మీరు చూడండి, నేను అడుగుతాను" అంది.

డాక్టరమ్మ సముద్రాలు దాటి ఇక్కడికొచ్చి ఇరవై ఆరేళ్లు. మా భాష పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకుంది. అందుకే వంటగది పిల్లిని కూడా "మీరు కొంచెం జరగండి" అనేది. ఆ పిల్లికి పొగరెక్కిందీ అందుకే. పెళ్లి లేదు, పిల్లలు లేరు. వార్డు వెనక ఒక గది, మంచం, బైబిలు, గోడకి వాళ్లమ్మ ఫోటో. ఆ అమ్మ పోయిన కబురు అందిన వారం ఇక్కడ కలరా. కూర్చుని ఏడవడానికి ఆమెకి నాలుగు రోజుల తర్వాత గాని తీరిక దొరకలేదు.

రెండేళ్ల కిందట ఆమె చేతులు వణకడం మొదలైంది. మొదట టీ కప్పు దగ్గర, తర్వాత సంతకం దగ్గర. ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి, తమ దేశానికి రాసిన ఉత్తరం చూపించింది.

"నేను ఇక కత్తి పట్టకూడదు. మరో డాక్టరును పంపమని రాశాను. అంతదాకా ఆపరేషన్లన్నీ పట్నానికి పంపుదాం."

ఆమె లేని ఆసుపత్రిని నేనెరగను. అప్పుడు అన్న మాటకి నా నోరు పడిపోయినా బాగుండేది.

"ప్రార్థనలో మీ చేతులు అస్సలు వణకవు డాక్టరమ్మా. నేను కళ్లారా చూశాను. దేవుడు పట్టుకుంటున్నాడు" అన్నాను.

అబద్ధం కాదు, నిజంగానే చూశాను. ఆమె నా మొహంలోకి చూసి, ఆ ఉత్తరం చింపేసింది. ఈ సంగతి వార్డంతా నేనే టముకు వేశాను. ఆ తర్వాత ఆమె చేసినవన్నీ చిన్న పనులే, గడ్డలు కోయడం, కుట్లు వేయడం. గీత కాస్త వంకరపోయినా మానిపోయేవి. అదీ దేవుడి దయే అనుకున్నాం.

అంతలో మా చెల్లికి తొలికాన్పు వచ్చింది. పొద్దున్నే నొప్పులతో చేరింది. మధ్యాహ్నానికి బిడ్డ అడ్డం తిరిగి ఉందని తేలింది. కడుపు కోసి తీయాల్సిందే. పట్నం మూడు గంటల దారి. మూడు గంటలు ఓర్చుకునే బలం చెల్లికి ఉంది, నాడి చూసింది నేనే. చెల్లి మొగుడే మా ఆసుపత్రి జీపు డ్రైవరు. వెనక పరుపు వేసి, జీపు స్టార్ట్ చేసి గుమ్మం ముందు పెట్టాడు.

"ఎక్కించండి వదినా, చీకటి పడకముందే చేరిపోతాం" అన్నాడు.

డాక్టరమ్మ కూడా, "పంపడమే మంచిదేమో" అంది. అని, చెల్లి తల దగ్గర నిలబడి, చేతులు జోడించి ప్రార్థన మొదలుపెట్టింది. నేను ఆ చేతులే చూస్తున్నాను. చిన్న అదురు కూడా లేదు.

"అక్కా, నువ్వెలా అంటే అలాగే" అంది చెల్లి.

నేను గుమ్మంలోకొచ్చి, "ఇంజిన్ ఆపు" అన్నాను.

"వదినా, ఒక్కసారి ఆలోచించండి."

"ఆపమన్నానా? ఇన్నేళ్లుగా చూస్తున్నాను, నాకు తెలీదా?"

అతను ఆపాడు.

ఆపరేషన్ గదిలో మళ్లీ ప్రార్థన. డాక్టరమ్మ ఆమెన్ అని, చేతులు విడదీసి కత్తి అందుకుంది. బిడ్డ బయటికొచ్చింది. ఆడపిల్ల, గట్టిగానే ఏడ్చింది. నేను బిడ్డను పక్కన పడుకోబెట్టి తిరిగేలోపు కత్తెర జారి పెద్ద రక్తనాళం తెగింది. దాన్ని బిగించడానికి డాక్టరమ్మ పట్టకారు పెడుతుంది, అది జారిపోతుంది. మళ్లీ పెడుతుంది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను, అప్పటికి నా చేతులూ వణుకుతున్నాయి. గుడ్డ మీద గుడ్డ కుక్కాం. నాలుగింటికి చెల్లి పోయింది.

సాయంత్రం చేతులు కడిగే తొట్టి దగ్గర డాక్టరమ్మ నిలబడి ఉంది. అలవాటు కొద్దీ చేతులు జోడించింది. వణుకు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటే ఊడలాగాను. విడిపోయిన చేతులు రెండూ వణికాయి. దగ్గరికి చేర్చి కలిపాను, ఆగిపోయాయి. ఉడుకుతున్న గిన్నె మూతని చేత్తో నొక్కితే ఆగదూ, అంతే. ఒక చెయ్యి ఇంకో చేతిని నొక్కి పట్టింది. ఈ మాత్రం పసిపిల్లకైనా తెలుస్తుంది, పెద్ద సిస్టర్‌నని తిరిగే నాకు తెలియలేదు.

"ఆయనే పట్టుకున్నాడనుకున్నాను" అంది డాక్టరమ్మ. "మీరు చూశానన్నారు కదా."

నన్ను తప్పుపట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆమె తమ దేశానికి వెళ్లలేదు, కత్తి మళ్లీ ముట్టలేదు. మళ్లీ ఉత్తరం రాసినా కొత్త డాక్టరు రాలేదు. పట్నానికి పంపినవాళ్లలో కొందరు దారిలోనే పోతున్నారు. ప్రార్థన గంట కొడితే ఆమె వచ్చి చివరి బల్ల మీద కూర్చుంటుంది, చేతులు ఒళ్లో విడివిడిగా పెట్టుకుని. అవి వణుకుతూనే ఉంటాయి, పెదవులు మాత్రం కదలవు. చూడలేక ఇప్పుడు నేనూ కళ్లు మూసుకుంటున్నాను.

మొన్న చెల్లి మొగుడు టీకా వేయించడానికి బిడ్డను తెచ్చాడు. నేను చేతులు చాచాను. నన్ను దాటుకుని వెళ్లి ఇంకో నర్సుకి అందించాడు.

"కాస్త మంచినీళ్లు తాగు నాయనా" అన్నాను.

"వద్దు సిస్టర్" అన్నాడు. వదినా అనడం మానేశాడు.

టీకా అయ్యేదాకా గుమ్మం ముందు జీపు ఇంజిన్ నడుస్తూనే ఉంది. ఆపమని నేననలేదు.