ఎడమ భుజానికి తుపాకి

ఆ శనివారం బస్సు డ్రైవరుకి డ్యూటీ లేదు. కాళ్ళు చాపుకుని పడుకోవాల్సిన పూట, బావమరిది వ్యాన్లో కూర్చుని తుపాకుల దుకాణానికి బయల్దేరాడు. బావమరిది ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. నోరు మూతపడదని చిన్నప్పటి నుంచీ అందరూ అతన్ని రేడియో అనే పిలుస్తారు.

"లైసెన్సు ఎప్పుడో వచ్చింది కదా. ఇప్పుడేంటి బావా ఉన్నట్టుండి? షూటింగ్ క్లబ్బులో తుపాకి ఊరికే ఇస్తున్నారుగా."

"అది అందరిదీరా. మనదంటూ ఒకటుంటే బాగుంటుందని."

అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. అతని కుడికంట్లో సరిగ్గా నడిమధ్యన ఒక మసక చేరింది. ఎదుటి మనిషిని ఆ కంటితో చూస్తే చెవులు కనిపిస్తాయి, ముక్కు కనిపించదు. అది అద్దాలతో పోయేది కాదనీ, ఎడమ కన్ను మాత్రం భేషుగ్గా ఉందనీ డాక్టరు తేల్చేశాడు. డిపోలో ఆ రోజే బండి దింపేసి, లోపల కూర్చుని మిగతావాళ్ళకి డ్యూటీలు వెయ్యమన్నారు. అప్పటి నుంచి రోజూ యూనిఫాం వేసుకుని వెళ్ళి, కుర్చీలో కూర్చుని వస్తున్నాడు. ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికీ ఓపిక ఉండాలి కదా.

ఆదివారాలు క్లబ్బులో గురిచూసి కొట్టడం ఒక్కటే అతనికున్న సరదా. క్లబ్బు తుపాకులన్నీ కుడిచేతివాటానివి. ఇక ఎడమ కంటితోనే చూడాలంటే మళ్ళీ మొదటికొచ్చి నేర్చుకోవాలి. వద్దులే అనుకున్నాడు చాలాసార్లు. కానీ బస్సూ తుపాకీ రెండూ ఒకేసారి చేజారడానికి అతని మనసొప్పలేదు.

దుకాణం ఇరుకుగా ఉంది. ఇనుప జాలీ వెనక తుపాకులు నిలబెట్టి ఉన్నాయి. గదంతా నూనె వాసన. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్న ఒక పెద్దావిడ స్టూలు మీద నుంచి లేచింది.

"గురి ప్రాక్టీసుకండీ," అన్నాడు డ్రైవరు. "చిన్న తూటాది. ఒక్కో తూటా పెట్టి కాల్చేది. చవకలో చూపించండి."

"ఒక్కోటేనా?" అన్నాడు రేడియో. "పదేసి పట్టేవి ఉన్నాయిగా అక్కడ. టపటపా కొట్టెయ్యొచ్చు."

"టపటపలాడాలంటే టపాకాయలు కొనుక్కో. ఒక్కటే ఉందనుకుంటేనే ఒళ్ళు దగ్గరపెట్టుకుని కొడతాం."

ఆవిడ కొత్త తుపాకి ఒకటి తీసి, తూటా పెట్టే చోటుని తెరిచే బోల్టు లాగి, లోపల ఖాళీ అని చూపించి అందించింది. తేలిగ్గా ఉంది. చవకైనదే. డ్రైవరు అలవాటుకొద్దీ కుడి భుజానికి ఆనించాడు. గొట్టం కొసన గురిచూసే ముల్లు మసకలో మాయమైంది. ఎడమ భుజానికి మార్చాడు. బోల్టు పిడి అవతలివైపు ఉండటంతో, లాగడానికి తుపాకి మీదుగా చెయ్యి చాచాల్సి వచ్చింది. చాచినప్పుడల్లా చెంప తుపాకి కర్ర మీద నుంచి లేచిపోతోంది.

"ఏంటి బావా, బస్సు రాంగ్ సైడులో పోతోంది?"

డ్రైవరు ఇంకోసారి బోల్టు లాగి చూశాడు. ఆవిడే అడిగింది, "కుడి కంటికేమైంది?"

అడిగిన తీరులో జాలి లేదు. అందుకేనేమో, చెప్పేశాడు. కన్ను సంగతి, డిపోలో కుర్చీ సంగతి, అన్నీ తుపాకి చేత్తో పట్టుకునే చెప్పాడు. రేడియో జాలీ వెనక తుపాకుల వైపు తిరిగి నిలబడ్డాడు.

"మీ అక్కకి చెప్పకురా. నేనే చెప్తాను."

"అక్కకి తెలుసు బావా. నువ్వు చెంబుతో నీళ్ళు పోస్తుంటే గ్లాసు పక్కన పడుతున్నాయట. డిపోకి ఫోన్ చేసి కనుక్కుంది. నువ్వు చెప్పేదాకా నేను నోరెత్తితే ఊరుకోనంది."

డ్రైవరు పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ మోసిన బరువు దిగినట్టు లేదు. అనవసరంగా మోశానే అనిపించింది, అంతే.

ఆవిడ వెనకగదిలోంచి పాత తుపాకి ఒకటి పట్టుకొచ్చింది. కర్ర నిండా గీతలు. "దీనికి బోల్టు లేదు. ఇలా నడుం విరిచి తూటా పెట్టడం, మూసెయ్యడం. కుడీ ఎడమా ఒకటే. బరువు ఎక్కువ, ట్రిగ్గరు మొండి. కొత్తదాని కన్నా తక్కువకే ఇస్తాను."

డ్రైవరు గొట్టాన్ని వెలుతురుకేసి పట్టి లోపలికి చూశాడు. తుప్పు లేదు. మడత దగ్గర ఊపి చూశాడు. కదలలేదు. కళ్ళు మూసుకుని ఎడమ భుజానికి ఆనించి, చెంప వాల్చి, కళ్ళు తెరిచాడు. ముల్లు వెనకవైపు గాడిలో కుదురుగా నిలబడి ఉంది.

"ఇది ఇవ్వండి," అన్నాడు.

మర్నాడు క్లబ్బులో మొదటి తూటాలు కాగితాన్నే తాకలేదు. ట్రిగ్గరు ఎంత నొక్కితే పేలుతుందో ఎడమ వేలికి తెలియడం లేదు. మెడ పట్టేసింది. మూసి ఉంచిన కుడికన్ను అదురుతోంది. విసుగొచ్చి తుపాకి బల్ల మీద పెట్టి, "నువ్వు కొట్టు," అన్నాడు రేడియోతో. జన్మలో తుపాకి ముట్టని రేడియో, అతను చెప్పినట్టే ఊపిరి బిగబట్టి, నల్లటి చుక్కలోకే కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. అదీ చుక్కలోకే.

డ్రైవరుకి ఒళ్ళు మండింది. రేడియో తల గోక్కుని, "తుపాకి మంచిదేనని తేలింది కదా బావా," అన్నాడు. అది ఓదార్పో ఎత్తిపొడుపో తెలియలేదు. అన్నవాడికీ తెలిసినట్టు లేదు.

డ్రైవరు చినిగిన కాగితం ముక్క మడిచి, క్లబ్బువాళ్ళు పెట్టుకోమని ఇచ్చిన కళ్ళజోడు కుడి అద్దం మీద అంటించాడు. కన్ను మూసే పని తప్పింది. మళ్ళీ కూర్చున్నాడు. తూటా పెట్టడం, మూయడం, కొట్టడం. మధ్యాహ్నానికి చిల్లులు కాగితం మీద పడ్డాయి, చేటలో బియ్యం చల్లినట్టు ఎక్కడివక్కడ. చుక్కలో ఒక్కటీ లేదు.

ఇంటికొచ్చేసరికి భుజం కదిపితే నొప్పి. భార్య బట్టలు మడతపెడుతోంది. "తగిలాయా?" అంది.

"కాగితానికి తగిలాయి." చెప్పులు విప్పకుండానే మంచం అంచున కూర్చున్నాడు. "నీకు తెలుసటగా. నన్ను బండి దింపేశారు. డిపోలో కూర్చోబెట్టారు."

ఆవిడ దుప్పటి ఒక కొస అతని చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుంది. "కూర్చోబెడితే కూర్చోండి. ఇన్నేళ్ళూ నిలబడి నడిపారా ఏంటి?"

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే భుజం నొప్పి పుట్టింది. దుప్పటి మడత సగంలో ఉండగానే పక్కకి ఒరిగి నిద్రపోయాడు.