ప్రొపెల్లర్ మీద చెయ్యి

మా నాన్న ఉమాకాంత్ గారికి నారాయణగూడలో హోమియో మందుల దుకాణం ఉంది. రోజూ పొద్దున ఆయన బయలుదేరే ముందు చిక్కడపల్లిలో మా గేటు దగ్గర ఒక తంతు జరుగుతుంది. స్కూటరును పక్కకు వంచుతారు, కాసేపు అలాగే పట్టుకుంటారు, మళ్లీ నిలబెడతారు, అప్పుడు బటన్ నొక్కుతారు. అది కొత్త స్కూటరు. వంచినా వంచకపోయినా స్టార్ట్ అవుతుంది. వెనకటి స్కూటరుకు పెట్రోలు అందేది కాదని వంచేవారు. దాన్ని తుక్కు కింద అమ్మేసి చాలా ఏళ్లయింది, వంచడం మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ శుక్రవారం నా నోరు ఊరుకోలేదు. నేను విమానం నడపడం నేర్చుకుంటున్నదాన్ని. ఇంజన్ల గురించి నాకంటే తెలిసినవాళ్లు మా గల్లీలో లేరని నా గట్టి నమ్మకం.

"నాన్నా, ఇది పాత బండి కాదు గద. ఎందుకు వంచుతున్నవ్? జర చెప్పు" అన్నాను.

"మరి మీరు విమానం స్టార్ట్ చేసే ముందు ముంగటి పంకాను చేత్తోని తిప్పుతరు గద, అదెందుకు?"

మేము అలా తిప్పే వీడియో ఆయనకు చూపించి గొప్పలు పోయింది నేనే.

"సార్ తిప్పుమన్నరు" అన్నాను.

నాన్న హెల్మెట్ పెట్టుకుని ఈల వేసుకుంటూ వెళ్లిపోయారు. ఆ ఈలకు నాకు ఒళ్లు మండింది.

మండదా మరి? ప్రొపెల్లర్, అదే నాన్న అన్న ముంగటి పంకా, ముట్టుకోవడం సరదా సంగతి కాదు. తాళం చెవి తీసేసినా సరే, లోపల ఒక్క తీగ ఊడి ఉంటే చాలు, చేత్తో తిప్పగానే ఇంజను స్టార్ట్ అయిపోవచ్చు. ఆ తర్వాత చెయ్యి ఉంటుందో లేదో చెప్పలేం. ఈ సంగతి పాఠంలో చెప్పింది మాకు విమానం నేర్పే జగన్మోహన్ సారే. పొద్దున్నే మాతో ప్రొపెల్లర్ తిప్పించేదీ ఆయనే. ఈ రెండు సంగతులూ ఇన్నాళ్లు నా బుర్రలో పక్కపక్కనే ఉండి, ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

అడిగేద్దామంటే భయం. ఆదివారం నేను మొదటిసారి ఒంటరిగా ఎగరాలి. పక్క సీట్లో సార్ ఉండరు. అందుకు సరే అనాల్సింది ఆయనే. మా క్లాసులో ఎక్కువ ప్రశ్నలు వేస్తాడని పేరు తెచ్చుకున్న అభిజిత్ ఇంకా నేల మీదే తిరుగుతున్నాడు.

సార్ పాఠాలు చెప్పేది అశోక్‌నగర్‌లో, తన ఇంటి మేడ మీది గదిలో. ఆ వీధిలో ఎటు చూసినా పోటీ పరీక్షల కోచింగ్ బోర్డులే. పక్క బిల్డింగులో మైకు పెట్టి రాజ్యాంగం చెబుతారు. ఇంజను పాఠాలతో పాటు గవర్నరు అధికారాలు కూడా మాకు కంఠతా వచ్చేశాయి. శనివారం క్లాసు అయ్యాక, అందరూ వెళ్లేదాకా ఆగి అడిగాను.

"సార్, స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్ ఎందుకు తిప్పుతం?"

"మా గురువుగారు తిప్పిండ్రు. నేను తిప్పిన. నువ్వు తిప్పుతున్నవ్. ఏంది నీ పరేషానీ?"

"తీగ ఊడి ఉంటే చెయ్యి పోతదని మీరే చెప్పిండ్రు సార్. ఎందుకో తెలిస్తే రోజంతా తిప్పుత. తెల్వకుంటే నేను తిప్ప."

చివరి మాట ఎలా వచ్చేసిందో నాకే తెలియదు. సార్ ముఖం కందిపోయింది.

"అయితే రేపు రాకు" అన్నారు.

కిందికి దిగి, మూల మీది చాయ్ బండి దగ్గర నిలబడి సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆ వీధికి ఏడ్చేవాళ్లు కొత్త కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి ఒకామె మాత్రం "ఎన్ని మార్కులల్ల పోయిందక్కా?" అని అడిగి, తన సమోసాలో సగం తుంచి నా చేతిలో పెట్టి పోయింది. ఏడుస్తూనే నవ్వొచ్చింది.

అంతలో సార్ కనిపించారు. ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పులతోనే వచ్చేశారు. రెండు చాయ్‌లు చెప్పి, ఒక గ్లాసు నా చేతికిచ్చారు.

"మా గురువుగారి విమానానికి గుండ్రటి ఇంజను ఉండె. సిలిండర్లు చుట్టూత ఉండేటివి. బండి ఆగి ఉన్నప్పుడు నూనె కిందికి దిగి, కింది సిలిండర్లల్ల నిండేది. చూసుకోకుంట స్టార్ట్ చేస్తే ఇంజను విరిగేది. అందుకని ముందుగాల చేత్తోని తిప్పి చూసెటోళ్లు."

"మరి మనది?"

"మన ఇంజనుల సిలిండర్లు పక్కలకు పండుకొని ఉంటయ్. నూనె అట్ల నిండది. ఆ ఇంజన్లు పోయి ఎన్నేండ్లాయె! మా చేతులే ఇంక ఆడ్నే ఉన్నయ్." ఆయన తన గ్లాసు బండి మీద పెట్టేశారు. "ఎంతమంది పిల్లల చేతులు ఆడ పెట్టిచ్చిన్నో బిడ్డా. ఎవరికేం కాలేదు, గంతే."

ఆయన మీద కోపమంతా ఎటో పోయింది. జాలేసింది. మిగిలిన సమోసా ముక్క ఆయన చేతిలో పెట్టాను. కాదనకుండా తిన్నారు.

"రేపు రా. ఒంటరిగ పంపుడు మాత్రం రేపు చూసినంక చెప్త" అన్నారు.

ఆదివారం ఊరి బయటి రన్‌వే పక్కన, విమానం చుట్టూ తిప్పుతూ ప్రతి పనికీ నన్ను "ఎందుకు?" అని అడిగారు. ట్యాంకు అడుగు నుంచి పెట్రోలు కొంచెం ఎందుకు తీస్తవ్? నీళ్లు కలిసినయేమో చూడనీకి సార్. నూనె ఎందుకు కొలుస్తవ్? మధ్యల అడుగంటితే ఆకాశంల దుకాణాలు ఉండయి సార్. ఈ జవాబుకు ఆయన నవ్వాపుకోలేకపోయారు.

నవ్వుతూనే ప్రొపెల్లర్ దగ్గరికి వచ్చారు. ఆయన చెయ్యి దానంతటదే పంకా రెక్క మీదికి వెళ్లింది.

"సార్, చెయ్యి తియ్యండి!"

నేనే అరిచాను. ఆయన ఉలిక్కిపడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, బడిలో తిట్లు తిన్న పిల్లాడిలా నిలబడ్డారు.

ఇద్దరం ఎక్కి ఒక చుట్టు ఎగిరి దిగాం. విమానం ఆగగానే సార్ తన బెల్టు విప్పుకుని కిందికి దిగిపోయారు. ఏం తప్పు చేశానా అని బిక్కచచ్చిపోయాను. ఆయన తలుపు పట్టుకుని లోపలికి వంగారు.

"ఈ సీటు బెల్టు గట్టిగ బిగించి పెట్టు."

"ఎందుకు సార్?"

"వదులుగ ఉంటే ఊగి మీటలకు చిక్కుకుంటది. నేను వస్తలేను గద" అని తలుపు వేసేశారు.