భుజం మీది బూడిద

థర్మల్ కాలనీలో ఆడవాళ్ళు రోజుకు రెండుసార్లు ఇల్లు తుడుస్తారు. పొద్దున నేల తుడుస్తారు, మధ్యాహ్నం మిగతావన్నీ తుడుస్తారు. టీవీ, ఫ్రిజ్జు, దేవుడి పటాలు, చివరికి కుండీలో తులసి ఆకులు కూడా. కరెంటు ప్లాంటు పెద్ద పొగగొట్టాల నుంచి సన్నటి బూడిద రాలుతూనే ఉంటుంది. ఆరేసిన చొక్కాను రెండుసార్లు విదిలించి తొడుక్కోవడం అక్కడి పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

దులిపితే పోయే బూడిదతో ఎవరికీ పేచీ లేదు. తప్పు చేసి ఒప్పుకోని మనిషి ఎడమ భుజం మీద వాలే బూడిద మాత్రం దులిపినా పోదు, ఉతికినా పోదు. చొక్కా మారిస్తే కొత్త చొక్కా మీదికి వచ్చి కూర్చుంటుంది. ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ మాట్లాడరు. వెనక ఒక స్టోర్ కీపరు పదకొండు రోజులు మోశాడు. పన్నెండో రోజు ఎవరింటికి వెళ్ళొచ్చాడో గానీ భుజం శుభ్రంగా ఉంది. అన్నాళ్ళూ టీ కొట్టు అంబమ్మ అతనికి టీ ఇస్తూ నేల చూపులే చూసింది. అలాంటి మనిషి వంక తేరిపార చూడకపోవడం కాలనీ మర్యాద. గుమ్మడికాయల దొంగ ఎవరంటే వెనకటికొకడు భుజాలు తడుముకున్నాడట. ఈ కాలనీలో తడుముకునే పని కూడా లేదు.

లింగయ్య భుజం ఇరవై రెండేళ్ళుగా మల్లెపువ్వులా ఉంది. కంట్రోల్ రూములో ఆయన ఆపరేటరు. ఆగిపోయిన యూనిట్‌ను మళ్ళీ లేపడంలో చెయ్యి తిరిగినవాడు. ఏ బేరింగు ఎంత వేడెక్కితే ఆగిపోతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అందుకే కూతురు ప్రవల్లిక డిగ్రీలో కంప్యూటర్ సైన్సు తీసుకున్నప్పుడు రాయచూరు నుంచి కంప్యూటరు కొనుక్కొచ్చి హాల్లో తనే బిగించాడు.

"మిషన్ల సంగతి నాకెవ్వరూ చెప్పబనిలే" అన్నాడు.

వారం తిరగకముందే డబ్బా వెనక కన్నాల దగ్గర బూడిద చేరింది. లింగయ్య ఊరుకుంటాడా? వెడల్పాటి టేపు తెచ్చి వెనకా పక్కలా ఉన్న కన్నాలన్నీ చీమ దూరకుండా మూసేశాడు. దాని మీద భార్య గిరిజమ్మ పాత ఇల్కల్ చీరతో చక్కటి గలేబు కుట్టి తొడిగింది. తెర ఒక్కటే బయటికి కనబడేది. వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

సెలవుల్లో ప్రవల్లిక పొద్దున్నే కూర్చుని పన్నెండింటిదాకా పని చేసుకునేది. రెండింటికి ఆమె స్నేహితురాలు చంద్రిక తన ఫ్లాపీ పట్టుకుని వచ్చేది. చంద్రిక తల్లి రామాబాయి, ప్లాంటు బూడిదంతా చేరే బూడిద చెరువు దగ్గర కూలీ. గురుప్రసాద్ అనే ఆఫీసరు చూసే, హాజరు లెక్కలు రాసే టైమ్ ఆఫీసులో కంప్యూటరు మీద టైపు చేసే ఉద్యోగం ఒకటి ఖాళీ పడింది. వచ్చే సోమవారమే పరీక్ష. ఇంట్లో కరెంటే సరిగ్గా ఉండని పిల్లకు సాధన చేసుకోవడానికి ఇంతకంటే వేరే చోటు లేదు.

మంగళవారం మధ్యాహ్నం చంద్రిక టైపు చేస్తుంటే బాణం గుర్తు తెర మధ్యలో నిలబడిపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆపి మళ్ళీ పెడితే అరగంట నడిచి మళ్ళీ బిగుసుకుంది. బుధవారమూ అంతే. గురువారం మధ్యాహ్నానికి అసలు లేవనే లేదు. నల్లటి తెర, లోపలి నుంచి మూడు కూతలు, అంతే.

లింగయ్య టెస్టరు పెట్టి ప్లగ్గు చూశాడు. వైరు మార్చాడు. స్టెబిలైజరు మార్చాడు. గిరిజమ్మ దిష్టి తీసి కొబ్బరికాయ కొట్టింది. మూడు కూతలు మాత్రం మారలేదు. ఇరవై రెండేళ్ళ పేరు ఒక చిన్న డబ్బా ముందు, అదీ కూతురి కళ్ళ ముందు, పోయేలా ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన చంద్రిక వైపు తిరిగాడు.

"పొద్దుగాల మా బిడ్డ కూసుంటే మంచిగ నడుస్తది. నువ్వు కూసుంటే ఆగుతది. ఏం తెచ్చి పెట్టినవే దీంట్ల?"

"నేనేం పెట్టలే సార్. టైపు కొట్టుకుంటున్న, అంతే."

"ఆ ఫ్లాపీ ఏంది మరి? ఏడేడనో తిరిగిన రోగమంత తెచ్చి మా ఇంట్ల కలిపినవ్. బూడిద మోసే చేతులకు కంప్యూటర్ ఎందుకే? రేపటికెల్లి రాకు."

వంటింట్లో గిరిజమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ప్రవల్లిక "నాయినా" అంది. చంద్రిక ఫ్లాపీని చేతిరుమాలులో చుట్టుకుని, చెప్పులు కాళ్ళకు వేసుకోకుండా చేత్తో పట్టుకుని మెట్లు దిగింది.

సాయంత్రం క్యాంటీన్లో గురుప్రసాద్ కనబడితే లింగయ్య ఆ మాట అక్కడా అనేశాడు. "ఆ పిల్ల చెయ్యి మంచిది కాదు సార్. మా కంప్యూటర్ ఖరాబ్ చేసింది."

శుక్రవారం పొద్దున అద్దం ముందు నిలబడితే ఎడమ భుజం మీద బూడిద ఉంది. దులిపాడు. పోలేదు. గిరిజమ్మ ఇంకో చొక్కా తెచ్చి కుర్చీ మీద పెట్టి వెళ్ళింది. దాని మీదికీ వచ్చింది. టీ కొట్టు దగ్గర అంబమ్మ గ్లాసు అందిస్తూ నేల చూపులు చూసింది. లింగయ్యకు ఒళ్ళు మండిపోయింది. పడాల్సింది ఆ పిల్ల మీద కదా, బూడిదకు కూడా బుద్ధి లేకుండా పోయిందే అని తిట్టుకున్నాడు.

ఆదివారం రాయచూరు నుంచి వీరబాబును పిలిపించారు. కాలువ పొలాల కోసం వచ్చి స్థిరపడిన గోదావరి కుటుంబంవాడు, కంప్యూటర్ల రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. గలేబు తీసి, డబ్బా వెనక్కి తిప్పి చూసి నవ్వేశాడు.

"ఇదేంటండీ బాబూ, దీనికి ముక్కూ నోరూ మూసేశారు?"

"బూడిద పోవద్దని" అన్నాడు లింగయ్య.

"బూడిద ముందు వైపు నుంచి దూరనే దూరిందండి. వేడే బయటికి పోలేదు. పొద్దున్న చల్లగా ఉంటుంది కాబట్టి నడుస్తుంది. నాలుగు గంటలు నడిచాక మధ్యాహ్నం మొరాయిస్తుంది. ఎవరు కూర్చున్నా అంతేనండి."

మూత తీస్తే లోపల ఫ్యాను బూడిదలో కూరుకుపోయి తిరగడం మానేసింది. వీరబాబు బ్రష్షుతో అంతా దులిపాడు. మెమరీ కార్డు పీకి దాని అంచును పిల్లలు వాడే రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చాడు. కొత్త ఫ్యాను బిగించాడు. ఈసారి ఒకటే కూత వచ్చింది, తెర వెలిగింది. "వైరసూ లేదు, పాడూ లేదు" అని సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

బేరింగుల వేడి గురించి ఇంజనీర్లకే చెప్పే మనిషి, తన ఇంట్లో మిషనుకు గాలి ఆడకుండా టేపు వేసి గుడ్డ కప్పాడు. లింగయ్య చెవులు సిగ్గుతో కాలిపోయాయి. అది చాలదన్నట్టు ప్రవల్లిక ఒక ఫైలు తెరిచి ఆయన ముందు నుంచి పక్కకు జరిగింది. అది చంద్రిక బుధవారం టైపు చేసుకున్న ఉద్యోగం దరఖాస్తు. తన గురించి చెప్పగల పెద్దమనిషి అన్నచోట లింగయ్య పేరు, క్వార్టర్ నంబరు ఉన్నాయి.

"పోయి చెప్పి రారాదు?" అంది గిరిజమ్మ.

"రేపు చూస్తా" అన్నాడు. చెబితే క్యాంటీన్లో రిటైరయ్యేదాకా నవ్వుతారు. చెప్పకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సోమవారం దరఖాస్తులో పేరున్న పెద్దమనిషిగా లింగయ్యకు కబురొచ్చింది. గురుప్రసాద్ గదిలో ఇద్దరు గుమాస్తాలు, ఒక ఇంజనీరు కూర్చుని ఉన్నారు. చంద్రిక బయట వరండాలో వంతు కోసం నిలబడి ఉంది. మాటలు వినబడనంత దూరం, కానీ తలుపులోంచి కనబడుతోంది.

"ఏన్రీ లింగయ్యా, ఈ అమ్మాయి మీ కంప్యూటరు పాడు చేసిందన్నారు. ఏం చేసింది?" అన్నాడు గురుప్రసాద్ కన్నడం కలిపిన తెలుగులో.

దారి పొడుగునా మనసులో అనుకుంటూ వచ్చిన ఒప్పుకోలు మాట నాలుక మీదికి వచ్చింది. ఇంజనీరు మొహం చూడగానే తిరిగి గొంతులోకి దిగిపోయింది. "అది... సార్..." అని లింగయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. భుజం మీద బూడిద పెరిగింది. బెత్తెడు ఎత్తున పేరుకుని, భుజాన్ని కిందికి లాగి, కొంత జారి బల్ల మీదున్న దరఖాస్తు మీద పడింది.

గురుప్రసాద్ కాలనీ మర్యాద తప్పి ఆ భుజాన్ని నిదానంగా చూశాడు. తర్వాత తలుపులోంచి చంద్రికను చూశాడు. బూడిద చెరువు గట్టు మీంచి నడిచొచ్చిన పిల్ల భుజాల మీద నలుసు లేదు. దరఖాస్తు మీది బూడిద ఊది, "మీరు వెళ్ళండి" అని లింగయ్యను పంపి, ఆమెను లోపలికి పిలిచి టైపు చేయమన్నాడు.

గంట తర్వాత చంద్రిక బయటికి వచ్చేసరికి లింగయ్య ఇంకా వరండాలోనే ఉన్నాడు. ఆమె రెండు చేతులూ జోడించింది. ఆయన భుజం వంక చూడకుండా జాగ్రత్తపడింది.

"ఉద్యోగం ఇచ్చిండ్రు సార్. మీరు వచ్చి మంచి మాట చెప్పబట్టే."

ఊరుకుంటే సరిపోయేది. మిగిలిన జీవితమంతా ఆ పిల్ల తనకు దండం పెడుతూనే ఉండేది. ఆ దండమే లింగయ్యకు భరించరానిదయింది.

"నేనేం చెప్పలే" అన్నాడు, వరండాలో అందరికీ వినబడేలా. "నోరు రాలే నాకు. కంప్యూటర్ నువ్వు ఖరాబ్ చేయలే. గాలి పోకుండ టేపు వేసింది నేను. మీద గలేబు తొడిగింది మేము."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత వరండా అంతా నవ్వింది. భుజం మీద బూడిద సగం రాలింది. సగం అలాగే ఉంది.

చంద్రిక నవ్వలేదు. "టేపు సంగతి సరే సార్" అంది. "ఆ దినం మీరన్న మాట మా అమ్మకు చెప్పలే నేను."

లింగయ్య తల వంచుకున్నాడు. ఆమె వేళ్ళ మొనలు కనబడ్డాయి, వాటి మీద 'బూడిద మోసే చేతులు' అన్న తన మాట ఇంకా ఉన్నట్టే అనిపించింది.

"ఆ మాట అనరాదుండె. తప్పయింది బిడ్డా."

ఆమె "అమ్మకు ఉద్యోగం సంగతి చెప్పాలె" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఈసారి చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

లింగయ్య టీ కొట్టు చేరేలోపే కబురు అక్కడికి చేరింది. గ్లాసు అందిస్తూ అంబమ్మ నాలుగు రోజుల తర్వాత ఆయన మొహంలోకి చూసింది.

"ఏందయ్యా లింగయ్యా, కంప్యూటర్‌కు చలి పెడతదని గలేబు తొడిగినవంట?"

"ఔను" అన్నాడు లింగయ్య. "నేనే."